వాన పడ్డాక శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే ఎట్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఉద్యోగ నోటిఫికేషన్లు వచ్చినప్పుడల్లా పత్రికల్లోనూ సభల్లోనూ ఒక మాట వినబడుతూ ఉంటుంది: ఇప్పటి పిల్లలకు బద్ధకం ఎక్కువ, ఏ పనైనా రేపటికి తోస్తారు అని. అనంతపురంలో గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు పాఠాలు చెప్పే మాకు ఈ మాట మింగుడు పడదు. తెల్లవారి ఐదింటికే లేచి, రాత్రి పదింటి దాకా స్టడీ హాల్లో కుర్చీ వదలని పిల్లల్లోనే అసలు పని ఎక్కువగా వాయిదా పడుతూ ఉంటుంది. బద్ధకస్తుడు రోజంతా కుర్చీలో కూర్చోడు. కూర్చుని కూడా చేయాల్సిన పనిని ముట్టుకోలేకపోతున్నాడంటే, ఆ పనిని అమర్చుకున్న తీరులో ఏదో లోపం ఉంది. ఆ తీరును నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు. ఉత్తరం పొడుగైనా వివరంగా రాయడానికి కారణం అదే.

మన జిల్లా రైతును చూడండి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప. జూన్, జూలైలలో ఆ వాన పడే నాటికే విత్తే గొర్రు బాగుచేసి ఉంటుంది. శెనక్కాయలు ఒలిచి, పుచ్చులు ఏరి, గింజలు మూట కట్టి ఉంటాయి. ఎద్దులో ట్రాక్టరో ఎవరివి వస్తాయో మాట్లాడుకుని ఉంటారు. వాన వెలిసిన మర్నాడు మిగిలే పని ఒక్కటే, విత్తడం. వాన పడ్డాక కాయలు ఒలవడం మొదలుపెట్టే రైతు ఎవరూ ఉండరు. అదును దాటితే ఏమవుతుందో కళ్లముందే కనబడుతుంది కాబట్టి అక్కడ వాయిదాకు చోటుండదు.

అదే రైతు కొడుకో కూతురో పరీక్షకు చదవడానికి కూర్చుంటే ఆ పదును కనబడదు. పరీక్ష ఎనిమిది నెలల దూరంలో ఉంది. ఈరోజు చదవకపోతే ఈరోజు ఏమీ ఎండిపోదు. చదవబోతే మాత్రం 'నాకిది రాదేమో' అనే దిగులు వెంటనే తగులుతుంది. పుస్తకం మూసి ఫోను తీస్తే ఆ దిగులు ఆ క్షణానికి పోతుంది. వాయిదాకు మూలం ఈ తక్షణ ఉపశమనమేనని ఫ్యూషా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2013లో వివరించారు. మనిషి చదువుకు జంకడు, చదువుతో వచ్చే చికాకుకు జంకుతాడు. కాబట్టి తిట్లు ఇక్కడ పనిచేయవు. తిడితే చికాకు ఇంకా పెరుగుతుంది, చెయ్యి ఇంకా త్వరగా ఫోను మీదికి పోతుంది.

అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది కాగితం మీద పనిని రాసుకునే పద్ధతి. 'పాలిటీ చదవాలి' అని రాసుకుంటారు. అది పని పేరు కాదు, పుస్తకం పేరు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎక్కడ అయిపోతుందో తెలియదు. అలాంటి పనిని చూస్తే ఎవరికైనా నీరసమే వస్తుంది. 'రాజ్యాంగంలో ఆర్టికల్ 12 నుంచి 18 వరకు చదివి, పుస్తకం మూసి, ప్రతి ఆర్టికల్‌కు ఒక్కో వాక్యం సొంతంగా రాయాలి' అని రాసుకుంటే అది పని. ఏడు ఆర్టికళ్లు, ఏడు వాక్యాలు, అరపేజీ. అయిందో లేదో పక్కవాడు కూడా చూసి చెప్పగలడు. మేం వాడే కొలత ఇదే: పని అయిందని చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి. అరగంటలో చూపించలేనంత పెద్దదైతే ఆ పనిని ఇంకా ముక్కలు చేయాలి.

రాసుకున్న పనికి వేళ, చోటు కూడా కట్టాలి. పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త 1999లో దీన్ని చాలా స్పష్టంగా చెప్పాడు. 'చేస్తాను' అనుకోవడం కంటే 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ముందే నిశ్చయించుకున్నవాళ్లు పని మొదలుపెట్టే అవకాశం బాగా ఎక్కువ. గడియారం వేళ కంటే రోజూ తప్పకుండా జరిగే పనికి ముడి వేయడం మేలు. 'ఆరింటికి చదువుతా' అంటే ఆరూ ఐదు అయ్యేసరికి 'ఆరున్నరకు మొదలుపెడదాంలే' అనిపిస్తుంది. 'టీ గ్లాసు కడిగి బోర్లించగానే మిద్దె మీది గదిలో కూర్చుంటా' అంటే ఆ సందు దొరకదు. ఆటంకాలకూ ఇలాగే ముడి వేసి పెట్టుకోవాలి. కరెంటు పోతే ఏం చేయాలి? వరండాలోకి వచ్చి నిన్నటి ఏడు వాక్యాలు చూడకుండా చెప్పుకోవాలి. చుట్టాలొస్తే? వాళ్లు పోయాక తొలి పది నిమిషాలు లెక్కలు. ముందే రాసి పెట్టుకోకపోతే కరెంటు పోయిన నిమిషంలోనే ఆ పూట చదువు కూడా పోతుంది.

కాయలు ఒలిచి పెట్టుకోవడం అంటే చదువులో ఏమిటో కూడా చెప్పాలి. పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు. రేపు చదవాల్సిన పేజీ తెరిచి, దాని మీద తెల్లకాగితం, పెన్ను పెట్టాలి. ఆ కాగితం మీద మొదటి ప్రశ్న రాసి ఉంచాలి. నీళ్ల సీసా నింపాలి. ఫోను ఛార్జింగు వేరే గదిలో పెట్టాలి. తెల్లవారి లేచినవాడికి మిగిలేది ఆ ప్రశ్నకు జవాబు రాయడమే. నిద్రకళ్లతో 'ఈరోజు ఏం చదవాలి' అని ఆలోచించడం మొదలుపెడితే ఆ ఆలోచనలోనే గంట పోతుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది, పనిలా కనిపించే వాయిదా. దీన్ని ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు, చేసేవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీయడం, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికిన పీడీఎఫ్‌లన్నీ దించి పెట్టుకోవడం, ఒకే సబ్జెక్టుకు మూడో పుస్తకం కొనడం, టాపర్ల ఇంటర్వ్యూలు వరుసగా చూడడం, నోట్సును అందమైన అక్షరాలతో తిరగరాయడం. ఇవన్నీ చేసినప్పుడు అలసట వస్తుంది, తృప్తి కూడా వస్తుంది. తలలోకి మాత్రం ఏమీ ఎక్కదు. ఈ జాబితాలో మళ్లీ మళ్లీ చదవడాన్ని కూడా చేర్చాల్సిందే. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. ఒక జట్టు పాఠాన్ని పదేపదే చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంతవరకు రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే పదేపదే చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు. మనల్ని మోసం చేసేది ఆ ఐదు నిమిషాల ఫలితమే. చదివిన వెంటనే 'వచ్చేసింది' అనిపిస్తుంది. చూడకుండా రాస్తే తప్పులు బయటపడతాయి, మనసు నొచ్చుకుంటుంది. అందుకే పిల్లలు రాయడాన్ని తప్పించుకుని మళ్లీ చదువుతారు. చూసేవాళ్లకు అది శ్రద్ధగానే కనిపిస్తుంది. చదివిన అరగంటకు పది నిమిషాలైనా పుస్తకం మూసి రాయించాలని మేం పట్టుబట్టేది ఇందుకే.

కాలం లెక్క దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. మొబైల్ షాపులోనో బట్టల దుకాణంలోనో పనిచేస్తూ చదివే యువకుడిని తీసుకుందాం. వారానికి 168 గంటలు. నిద్ర రోజుకు ఏడు చొప్పున 49. దుకాణం రోజుకు పది చొప్పున ఆరు రోజులకు 60. రానూపోనూ 6. స్నానం, భోజనం, ఇంటి పనులు రోజుకు మూడు చొప్పున 21. మొత్తం 136 పోతే మిగిలేవి 32 గంటలు. ఈ 32నీ టైంటేబుల్లో నింపేస్తాడు, మూడో రోజుకే కూలబడతాడు. జ్వరం, పెళ్లి, బండి పంక్చరు, స్నేహితుడి ఆసుపత్రి పని, ఇవేవీ టైంటేబుల్లో ఉండవు, జీవితంలో ఉంటాయి. మిగిలినదాంట్లో అరవై శాతానికే పని వేసుకోవాలని మా సలహా, అంటే 19 గంటలు. చూడ్డానికి తక్కువే. కానీ వారం తర్వాత వారం నిలబడే 19 గంటలు, రెండు రోజులు సాగి ఆగిపోయే 32 కంటే చాలా ఎక్కువ.

ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఊహించడంలో అందరమూ తక్కువే అనుకుంటాం. కెనడాలో 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో విద్యార్థులను తమ థీసిస్ ఎన్నాళ్లలో పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజుల పైనే. అన్నీ ఎదురుతిరిగినా ఇన్నాళ్లలో అవుతుందని వాళ్లు వేసిన అంచనా కూడా దానికంటే తక్కువే. దీనికి మందు ఆత్మవిశ్వాసం కాదు, కాపీ పుస్తకంలో రెండు గీతలు. ఒక వారం పాటు ప్రతి పని పక్కనా 'అనుకున్నది', 'పట్టింది' అని రెండు అంకెలు రాయాలి. లాభనష్టాల లెక్కలు 20 చేయడానికి 40 నిమిషాలు అనుకుంటే 65 పట్టిందా? అంటే దాదాపు 1.6 రెట్లు. వచ్చేవారం లెక్కలకు వేసే ప్రతి అంచనానూ 1.6తో హెచ్చించాలి. కరెంట్ అఫైర్స్‌కు మీ అంకె వేరుగా ఉంటుంది. ఎవరి అంకె వారిదే, పక్కవాడిది పనికిరాదు.

వేళ ఎంచుకోవడంలో మన ఊరి ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో మిద్దె కింది గదిలో కూర్చుని కొత్త పాఠం ఎక్కించుకోవడం అయ్యే పని కాదు. కొత్త పాఠం, లెక్కలు తెల్లవారి ఐదు నుంచి తొమ్మిది లోపల. మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రాల తప్పులు చూసుకోవడం లాంటి తేలిక పనులు చాలు.

ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే పద్ధతి ఇప్పుడు చాలామంది విన్నదే. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో దీన్ని మొదలుపెట్టాడు. నాలుగు విడతలయ్యాక పావుగంట నుంచి అరగంట వరకు పెద్ద విరామం. పద్ధతి మంచిదే, చెడేది విరామంలో. ఐదు నిమిషాలని ఫోను తీస్తే నలభై నిమిషాలు పోతాయి. విరామంలో లేవాలి, నీళ్లు తాగాలి, మెట్లు దిగి ఎక్కాలి, కళ్లకు ఇంకో తెర చూపించకూడదు. టైమరు కూడా ఫోన్లో పెట్టుకోవద్దు. టైమరు ఆపడానికి ఫోను పట్టుకోవాలి, పట్టుకుంటే మెసేజ్ కనబడుతుంది. అంకగణితం, రీజనింగ్ వంటివాటికి 25 నిమిషాలు చాలవు. లెక్క పట్టు చిక్కేసరికే గంట కొడుతుంది. వాటికి 50 నిమిషాలు పని, పది నిమిషాలు విరామం పెట్టుకోవాలి.

పని ఆపేటప్పుడు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, దాని విలువ చాలామందికి తెలియదు. లేచే ముందు బస్ టికెట్టంత చీటీ మీద 'తర్వాత ఆర్టికల్ 19లోని ఆరు స్వేచ్ఛలు, రెండోది దగ్గర అనుమానం ఉంది' అని రాసి పేజీలో పెట్టాలి. సగంలో వదిలిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకి కూడా అంటుకుని వస్తుందని సోఫీ లెరాయ్ 2009లో తన పరిశోధనలో చూపింది. చీటీ రాస్తే మనసు దాన్ని అక్కడ దించి పోతుంది. తిరిగొచ్చినప్పుడు ఎక్కడున్నామో వెతుక్కోనక్కర్లేదు. తిరిగొచ్చాక ఆ వెతుకులాట దగ్గరే చాలామంది మళ్లీ లేచిపోతారు.

పరీక్ష తేదీని పట్టుకుని ప్రణాళిక వేసుకునేవాళ్లకు మరో కష్టముంది. గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగితే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. మధ్యలో తేదీ జరుగుతూ పోయింది. తేదీ జరిగిన ప్రతిసారీ 'ఇంకా టైముంది' అని పుస్తకాలు పక్కన పెట్టి, కొత్త తేదీ దగ్గరపడ్డాక మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినవాళ్లే బాగా నష్టపోయారు. తేదీ మన చేతిలో లేదు, వారం మన చేతిలో ఉంది. మెయిన్స్‌లో ఏపీ చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ, నాలుగింటికీ 75 చొప్పున 300 మార్కులు. పైన చెప్పిన 19 గంటల్లో ఒక్కోదానికి మూడున్నర చొప్పున 14 గంటలు, పరీక్ష రాసుకుని తప్పులు చూసుకోవడానికి మూడు, తప్పిపోయిన పనిని అందుకునే తరువాయికి రెండు. పరీక్ష ఎప్పుడైనా సరే, ఈ వారం ఇలాగే తిరగాలి. ఆదివారం ఆ వారం రాసిన కాగితాలన్నీ ఇంకొకరి చేతికి ఇవ్వాలి. పైవాడు పెట్టే గడువు లేనప్పుడు సొంతంగా పెట్టుకున్న గడువు కూడా కొంతవరకు పనిచేస్తుంది, కానీ దానికి సాక్షి ఉండాలి. తనకు తాను ఇచ్చుకున్న మాటను తప్పడం అందరికీ సులువే.

తరువాయి గంటల గురించి ఒక మాట. మూడు రోజులు తప్పినవాడు నాలుగో రోజు పద్నాలుగు గంటలు చదివి సరిచేస్తానంటాడు. ఆరు గంటలు చదివేసరికే అలసిపోయి, ఐదో రోజు పూర్తిగా మానేస్తాడు. తప్పిన పనిలో తరువాయి రెండు గంటల్లో పట్టినంతే చేయాలి, పట్టనిది వదిలేయాలి. వదిలేయమంటే తల్లిదండ్రులకు కోపం వస్తుందని మాకు తెలుసు. కానీ కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో 2010 నాటి పరిశోధన ఇదే చెప్పింది. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసి, అందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. సిగ్గుపడేలా చేస్తే పిల్లవాడు పుస్తకానికి ఇంకా దూరమవుతాడు.

పెళ్లై, పిల్లలుండి డీఎస్సీకి చదివే ఆడవాళ్లకు ఈ లెక్కలేవీ నేరుగా పనికిరావు. వాళ్లకు 25 నిమిషాలు ఒక్కసారిగా దొరకవు. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు దొరికే పది నిమిషాలకు సరిపడే పనులు విడిగా రాసి వంటింటి గోడకు అంటించుకోవడం ఒక దారి: ఐదు పర్యాయపదాలు, రెండు బోధనా పద్ధతుల తేడాలు, ఒక భిన్నాల లెక్క. అయితే కొత్త పాఠానికి రోజుకు ఒక్క గంటైనా కదలని సమయం కావాలి. ఆ గంట టైంటేబుల్ ఇవ్వలేదు. భర్త, అత్తగారు ఇవ్వాలి. ఆ గంటలో పిల్లలను ఎవరు చూస్తారో ఇంట్లో పేరు పెట్టి తేల్చుకోవాలి. ఇది ఆమె సమయపాలనకు సంబంధించిన విషయం కాదు.

దరఖాస్తుల విషయంలో సూత్రం ఒకటే: ఇతరుల చేతిలో ఉన్న పని ముందు. ఫొటో, సంతకం స్కాన్ చేయడం, ఫీజు కట్టడం మన చేతిలో ఉన్నవి, గంటలో అయిపోతాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ప్రభుత్వ కార్యాలయాల్లో రోజులు తీసుకోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్లో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఇంకా ఎక్కువ. నోటిఫికేషన్ వచ్చిన రోజే వీటిని మొదలుపెట్టి, ఫారం నింపడం తర్వాత పెట్టుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. చివరి రోజు రాత్రి ఫీజు డబ్బులు ఖాతాలో నుంచి పోయి, దరఖాస్తు నమోదు కాక ఏడ్చేది ఎక్కువగా వాళ్లే.

ఇవన్నీ చేసినా నెలల తరబడి ఏ పనీ ముట్టుకోలేక, నిద్ర పట్టక, తిండి మీద ధ్యాస లేకుండా ఉంటే అది వాయిదా అలవాటు కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు, చిన్నప్పటి నుంచి ఉన్న ఏకాగ్రత లోపం కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. టైంటేబుల్ పట్టుకుని ఆ పిల్లల వెంట పడకండి.

మీ పత్రిక ద్వారా మన ఊళ్లో స్టడీ హాళ్లు నడిపేవారికి ఒక విన్నపం. ఏసీ, వైఫై, కుషన్ కుర్చీలు పెడుతున్నారు, సంతోషం. అన్ని కుర్చీల నుంచీ కనబడేలా ఒక పెద్ద గోడ గడియారం కూడా పెట్టండి. టైము చూడటానికి ఫోను తీయాల్సిన అవసరం లేకుండా పోతుంది. తలుపు పక్కన నంబర్లు వేసిన అరల బీరువా ఒకటి ఉంచితే ఫోను అందులో పెట్టి లోపలికి వెళ్లేవాళ్లు వెళ్తారు. బలవంతం వద్దు. ఇంటి నుంచి అత్యవసరంగా ఫోను వస్తే చెప్పడానికి కౌంటర్లో ఒక నంబరు పెట్టి, దాన్ని తల్లిదండ్రులకు ఇవ్వండి.

ఇట్లు,
పోటీ పరీక్షల అధ్యాపకులు కొందరు,
అనంతపురం.